అప్‌డేట్: గట్టి నీళ్లలో గ్లైఫోసేట్ ఎందుకు సరిగా పనిచేయదు, నేలలో ఎందుకు కదలదు

గట్టి నీళ్లలో (ఖనిజ లవణాలు ఎక్కువున్న నీళ్లలో) కలిపిన గ్లైఫోసేట్ అనే కలుపు మందు కలుపును సగమే చంపుతోందని, మోతాదు పెంచాలా అని అడిగాను. జవాబు: మోతాదు కాదు, కలిపే వరుస మార్చాలి.

నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము గ్లైఫోసేట్‌ను పట్టేసుకుంటాయి. ఆ రూపంలో మందు ఆకులోకి సరిగా దిగదు. అందుకని ముందు లీటరుకు 10–20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ పూర్తిగా కరిగించి, ఆ తర్వాతే మందు పోయాలి. సల్ఫేట్ కాల్షియాన్ని అడ్డుకుంటుంది, అమ్మోనియం మందుతో జతకడుతుంది. జింక్ సల్ఫేట్ అదే ట్యాంకులో వేస్తే మళ్లీ మొదటికే, జింక్ కూడా మందును పట్టేసుకుంటుంది. బురద నీళ్లూ వద్దు, బంకమట్టి రేణువులు మందును లాగేసుకుంటాయి. గాల్వనైజ్డ్ (జింక్ పూత ఉన్న) డబ్బా అసలే వద్దు: హైడ్రోజన్ పుడుతుంది, నిప్పు తగిలితే ప్రమాదం.

ఇక నేల సంగతి. గ్లైఫోసేట్‌లోని ఫాస్ఫోనేట్ (భాస్వరం ఉన్న) భాగం ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు అతుక్కుంటుంది. కాబట్టి అవి ఎక్కువున్న ఎర్ర బంకనేలల్లో పట్టు గట్టిది, ఇసుక నేలల్లో తక్కువ. ఫాస్ఫేట్ ఎరువు అవే చోట్ల కోసం పోటీపడి కొంత మందును విడిపించగలదు. అట్రజిన్ అనే మరో కలుపు మందు దారి వేరు, అది ఎక్కువగా సేంద్రియ పదార్థాన్ని పట్టుకుంటుంది. ఇంకో కలుపు మందు 2,4-డి దేనికీ పెద్దగా అంటదు. కుళ్లిపోయేలోపు భారీ వాన పడితే కిందికి జారిపోతుంది.