పద్మనాభం యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం అండి, మాది విజయనగరం. పేష్కష్ (కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల గొడవలో జమీ వదిలేసి నెలకి 1200 రూపాయల పింఛనుతో మచిలీపట్నం వెళ్లిపొమ్మని కుంపిణీవాళ్లు అంటే, మా విజయనగరం రాజు చిన్న విజయరామరాజు గారు వెళ్లకుండా పద్మనాభంలో దిగి, 1794 జులై 10న పోరాడి ప్రాణాలు వదిలారు కదా. మరి ఆయనతో పాటు పడిపోయినవాళ్లు ఎవరు?

మా ఇంట్లో దేవుడి గూట్లో పిడి అరిగిన బాకు ఒకటుంది, ఏటా దసరాకి బొట్టు పెడతాం, ఆ యుద్ధానికి వెళ్లినాయనదే అని మామ్మ చెప్పేది, పేరు మాత్రం తనకీ తెలీదు. రాజుగారి పేరు నిలిచింది, వీళ్లది పోయింది, నాకది చాలా బాధగా ఉంది.

చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో అప్పటి కుంపిణీ కాగితాలు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? చూడాలంటే దరఖాస్తు ఎలా పెట్టాలి? దయచేసి చెప్పండి.