చర్చ: సాయం సొమ్ము కుటుంబం చేతికివ్వాలా, అప్పులవారికి కట్టాలా?

పాతబడి:
నల్లగొండ జిల్లాలో పత్తి వేసే మా సహాధ్యాయి, కౌలురైతు, మొన్నటి వేసవిలో గుండెపోటుతో మరణించాడు. సొంత భూమి గుంట కూడా లేనందున, 2018లో తెలంగాణ ప్రభుత్వం పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారికి తెచ్చిన రైతుబీమా కింది 5 లక్షల రూపాయలు ఆ ఇంటికి దక్కలేదు. మేము 36 మందిమి 2 లక్షల 10 వేల రూపాయలు పోగుచేశాము. అప్పులు 3 లక్షల దాకా ఉన్నాయి: ఎరువుల దుకాణంలో ఖాతా, నూటికి రెండు రూపాయల వడ్డీకి రాసిన రెండు ప్రామిసరీ నోట్లు. ఈ సొమ్మును అతని భార్య చేతికివ్వాలా, అప్పులవారికి మేమే కట్టాలా అన్న దగ్గర మాలో మాకు పొసగడం లేదు.

లెక్కలపెట్టె:
మీరే కట్టండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం; ఆమె కోలుకునేలోపు వడ్డీయే అసలును మింగేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు సాయం ప్రకటించిన 421వ జీవో కూడా లక్షన్నరలో 50 వేలను అప్పుల పరిష్కారానికే కేటాయించింది. పైగా, చేతిలో డబ్బుందని తెలిస్తే అడగడానికి వచ్చే బంధువులకు కొదవ ఉండదు.

వాయిదా:
లెక్కలపెట్టె గారు చెప్పిన జీవోలోనే మిగిలిన లక్ష కుటుంబ జీవనోపాధికి ఉద్దేశించినదని మరువరాదు. నేను కోర్టు గుమాస్తాగా చాలాకాలం పనిచేశాను కనుక ఒక సంగతి చెప్పాలి. భర్త రాసిన నోటుకు భార్య ష్యూరిటీగా సంతకం చేయకపోతే, అతని నుంచి ఆమెకు సంక్రమించిన ఆస్తి మేరకే ఆమె బాధ్యురాలు. భూమే లేని కౌలుదారు విషయంలో ఆ ఆస్తి ఎంతో మీరే ఊహించుకోవచ్చు. దాతలు ఆమె పిల్లల కోసం ఇచ్చిన సొమ్ము అతని ఆస్తి కాదు. అంటే చట్టం ఆమెను అడగలేని బాకీని మీరు మంచితనంతో తీర్చబోతున్నారు. ఇంకొక చిక్కు కూడా ఉంది: నోటు మీద దావా వేయడానికి ఉన్న గడువు మూడేళ్లు ముగియకముందే కొంత కట్టి, ఆ చెల్లింపును ఆమె సంతకంతో నోటు వెనుక రాయిస్తే, అప్పటి నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలైందని అప్పిచ్చినవారు వాదించే వీలు చిక్కుతుంది. ఇక చేతికిచ్చిన డబ్బు దుబారా అవుతుందన్న భయం గురించి: కెన్యాలో పేద కుటుంబాలకు షరతులు లేకుండా నగదు ఇచ్చి చేసిన అధ్యయనం 2016లో వెలువడింది, మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్లు అందులో తేలలేదు. ఇంతకీ, 36 మంది మాట్లాడుతున్నారు సరే, ఆమెను ఎవరైనా అడిగారా?

చెలక:
చట్టం సరేనండీ, ఊరి సంగతి వేరు. విత్తనాలు, ఎరువులు అరువిచ్చేది ఆ దుకాణమే. కోర్టులో గెలిచి అక్కడ అరువు పోగొట్టుకుంటే వానాకాలం పంట మొదలే కాదు.

పాతబడి:
వాయిదా గారు అడిగిన ప్రశ్నకు సిగ్గుపడ్డాను. నిజంగానే మేము ఆమెను అడగలేదు. నిన్న ఇద్దరం వెళ్లి అడిగాము. ఆమె వద్ద అప్పుల లెక్క మాకన్నా స్పష్టంగా ఉంది. దుకాణం ఖాతా 70 వేలు ముందు తీర్చాలని, వచ్చే ఏడాది కూడా రెండెకరాలు కౌలుకు చేయాలనుకుంటున్నానని, ఒక పాడిగేదె కొంటే నెల ఖర్చు వెళ్లిపోతుందని చెప్పింది. నోట్లలో ఒకటి తన మరిదిదేనట. అతడు ఆగుతాడని ఆమె నమ్మకం. రెండో నోటు మీద తాను సంతకం చేయలేదని కూడా చెప్పింది. సొమ్మంతా ఆమె బ్యాంకు ఖాతాకే పంపుతున్నాము. దుకాణదారుతో వడ్డీ తగ్గించమని మాట్లాడటానికి మాత్రం, ఆమె కోరినందున, ఆదివారం నాడు మేమిద్దరం ఆమె వెంట వెళ్తున్నాము. ఖాతా పుస్తకంలో చెల్లు రాయించుకుని వస్తాము.