కృతజ్ఞతా డైరీ పిల్లల చేత రాయించిన టీచర్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం. మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు హైస్కూలు. స్టాఫ్ రూమ్‌లో ముగ్గురం కృతజ్ఞతా డైరీ రాస్తున్నాం, అంటే ఆ వారం మనకు ఎవరివల్ల మేలు జరిగిందో గుర్తుచేసుకుని రాసుకోవడం. శనివారం చివరి పీరియడ్ అయ్యాక పది నిమిషాలు, చేత్తోనే, ఐదు అంశాలకు మించకుండా. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన కృతజ్ఞత అధ్యయనంలోనూ ఒక బృందం చేత వారానికోసారి ఐదు వరకే రాయించారు. రోజూ రాస్తే త్వరలోనే "ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలు" అని హాజరుపట్టీలా తయారవుతుంది.

ప్రతి అంశంలో ఎవరు, ఏం చేశారు, దానివల్ల మనకేం తేలికైంది అన్న మూడూ ఉండాలి. "వంట అక్క మంచిది" అంటే లాభం లేదు. "గుడ్లు తక్కువొచ్చాయని అక్క బెల్లు కొట్టకముందే చెప్పింది, వరుసలో గొడవ తప్పింది" అని రాయాలి. ఐదింటిలో ఒకటైనా ఆ మనిషికి నోటితో చెప్పాలి. ఇదే అసలు కష్టం, మగ టీచర్లకు మరీనూ! యాప్‌లలో ఫొటోలెక్కించే చాకిరీ లాంటి ఫిర్యాదులకు వెనక పేజీ వేరే. కృతజ్ఞత పేరుతో నోరు మూయించకూడదు కదా.

ఇప్పుడు ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాలి. మార్కులొస్తాయేమోనని పిల్లలు టీచర్నే పొగుడుతారు, అందుకే దిద్దం, పైకి చదివించం. "అమ్మానాన్నల గురించి రాయండి" అనలేం. తల్లిదండ్రులు బెంగళూరు కూలి పనులకెళ్తే అవ్వ దగ్గర పెరిగేవాళ్లున్నారు. మరి ఏ ప్రశ్నతో మొదలుపెడితే బాగుంటుంది? ఖాళీ పేజీ ఇచ్చేవాళ్లను వదిలేయాలా, బొమ్మ గీయమనాలా?