ప్లింత్ బీమ్‌లో డోవెల్ రాడ్లు వదల్లేదు, ఫ్లోర్ స్లాబ్‌ను ఎలా కలపాలి?

ప్రశ్న
ప్లింత్ బీమ్‌లు (నేలమట్టం దగ్గర, గోడల కింద వచ్చే బీమ్‌లు) పోసి నెల దాటింది. వెడల్పు 300, లోతు 450 మి.మీ. గది 4 × 5 మీటర్లు, లోపల 900 మి.మీ. మట్టి నింపాం. దాని మీద 125 మి.మీ. స్లాబ్, అంచులు బీమ్‌ల పైన కూర్చుంటాయి. బీమ్‌లోంచి పైకి డోవెల్ రాడ్లు (బీమ్‌ను స్లాబ్‌తో కలిపే రాడ్లు) వదల్లేదు. ఇప్పుడు డ్రిల్ చేసి కెమికల్‌తో (రాడ్‌ను కాంక్రీటుకు అతికించే జిగురు) 12 మి.మీ. రాడ్లు దించితే సరిపోతుందా?

జవాబు 1
ముందు ఒకటి తేల్చుకోండి: స్లాబ్‌ను మోసేది మట్టా, బీమ్‌లా? 900 నింపుడు ఎంత దిమ్మిస కొట్టినా కొంత దిగుతుంది. అంచులు బీమ్ మీద ఆగి, నడుమ మట్టి జారితే, పైన స్టీల్ లేని స్లాబ్ బీమ్ పొడవునా పగులుతుంది. డోవెల్స్ ఆ పగులును ఆపలేవు. బరువు ఎలాగూ బీమ్ మీద కూర్చునే దిగుతుంది. డోవెల్స్ పని స్లాబ్ పక్కకు జరగకుండా పట్టుకోవడం.

అందుకే మట్టిని సెంట్రింగ్‌గా (పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా మోసే ఆధారంగా) మాత్రమే చూసి, స్లాబ్‌ను బీమ్ నుంచి బీమ్‌కు డిజైన్ చేయించండి. మామూలు ఇంటి బరువుకు అడుగున నిలువు, అడ్డం రెండు దిశల్లోనూ 10 మి.మీ. రాడ్లు 150 దూరంలో పెడతారు. బయటి అంచుల్లో అందులో సగం స్టీల్ పైన ఉండాలి, బీమ్ ముఖం నుంచి కనీసం 400 మి.మీ. లోపలికి. పక్క గదిలోకి కొనసాగే బీమ్ మీద అటూ ఇటూ 1.2 మీ. ఈ పై రాడ్లకు ఛైర్లు (వాటిని ఎత్తులో నిలబెట్టే వంచిన రాడ్ ముక్కలు) తప్పనిసరి. కాంక్రీటు పోసేటప్పుడు తొక్కి 30 మి.మీ. కిందికి దించేస్తే, పనిచేసే లోతులో దాదాపు మూడో వంతు పోయినట్టే.

జవాబు 2
పై జవాబుతో ఏకీభవిస్తాను. డోవెల్స్ విషయానికొస్తే 12 మి.మీ. రాడ్‌కు 16 మి.మీ. రంధ్రం, 150 లోతు, 300 దూరంలో, బీమ్ నడి గీత మీద. ముందు రీబార్ డిటెక్టర్‌తో (కాంక్రీటు లోపలి రాడ్లను చూపే పరికరం) బీమ్ రింగులు, పై రాడ్లు గుర్తించండి, వాటిని కోయొద్దు. చాలాచోట్ల దెబ్బతినేది రంధ్రం శుభ్రం చేసే దగ్గరే: గాలి ఊది, వైరు బ్రష్‌తో రుద్ది, మళ్ళీ ఊదాలి. దుమ్ము మిగిలితే కెమికల్ పట్టుకునేది దుమ్మునే, కాంక్రీటును కాదు. నాజిల్ అడుగుదాకా దించి మూడింట రెండు వంతులు నింపి, రాడ్‌ను తిప్పుతూ దించండి. కాస్త బయటికి పొంగితేనే నిండినట్టు. L వంపు ముందే తిప్పుకోండి, బిగిశాక వంచితే పట్టు వదులుతుంది.

బీమ్ పైభాగాన్ని 5 మి.మీ. గరుకుగా చిప్పింగ్ చేసి, పాలపొర (పైకి తేలి గట్టిపడిన బలహీనమైన సిమెంటు పొర) తీసేసి, కడిగి, తడిగా ఉండగానే (నీళ్ళు నిలవకుండా) పోయండి.

ప్రశ్న అడిగినవారు
మట్టి మీదే ఆనించాలనుకుంటే?

జవాబు 1
అప్పుడు అసలు కలపొద్దు. స్లాబ్‌ను బీమ్‌ల లోపలి ముఖాల మధ్యే పోసి, చుట్టూ, స్తంభాల దగ్గర కూడా, 12 మి.మీ. ఫోమ్ బోర్డు పెట్టండి. డోవెల్స్ వద్దు. మట్టిని 150–200 పొరలుగా తడిపి కొట్టి ఉండాలి. ఒక్కసారే పోసిన 900 అయితే తవ్వి మళ్ళీ వేయాల్సిందే.

జవాబు 2
బీమ్‌ల మీద ఆనించేటట్టయితే మూలలు మరవొద్దు: రెండు బయటి అంచులు కలిసే చోట పైనా కిందా 800 × 800 మి.మీ. జాలీ (అడ్డం, నిలువు రాడ్ల అల్లిక) ఉండాలి. లేకపోతే అక్కడ ఏటవాలు పగులు వస్తుంది.