స్టేజీ పక్కనే శబ్దంతో వెలిగే గోడ: డ్రమ్స్ గోల తట్టుకునేదెలా?

మా కమ్యూనిటీ ఆర్ట్స్ ఫెస్టివల్ శని, ఆదివారాల్లో ఉంది. ఒకవైపు లైవ్ మ్యూజిక్, మరోవైపు జనం ముట్టుకుని ఆడుకునే కళాకృతులు. చిక్కంతా ఒక్కదానితోనే. చెక్క పలకల మీద తడితే రంగుల దీపాలు వెలిగే గోడ పెడుతున్నాం. రిహార్సల్‌లో తట్టిన చప్పుడు పట్టడానికి మామూలు మైక్ వాడితే, ఎవరూ తట్టకపోయినా స్టేజీ మీద డ్రమ్స్ మోగగానే దీపాలన్నీ వెలిగాయి. ఇక పిల్లలకి ఏం సరదా?

గోడను దూరం జరపమని కొందరంటున్నారు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, నిజమే. కానీ మరీ మూలకి నెడితే అటు ఎవరొస్తారు? పియజో డిస్క్ (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే పల్చటి బిళ్ళ) అయితే గాల్లో శబ్దాన్ని పెద్దగా పట్టుకోదు, అంటించిన పలక అదురునే పట్టుకుంటుంది. అందుకే దానివైపు మొగ్గుతున్నాను.

ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. బేస్ మోతకి పలకలే అదిరితే ఏం చేశారు? పలకకీ ఫ్రేముకీ మధ్య రబ్బరు సరిపోతుందా, వెనక ఫోమ్ కూడా కావాలా? సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ (కనీసం ఎంత అదిరితే దీపం వెలగాలన్న హద్దు) పెంచితే చిన్నపిల్లలు మెల్లగా తట్టింది పట్టదేమోనని టెన్షన్. ఎవరికీ అందని ఎత్తులో ఒక పలక బిగించి, దాని అదురును మిగతావాటిలోంచి తీసేస్తే పని జరుగుతుందా?

పాటల మధ్య విరామంలోనే గోడను ఆన్ చేయమని మాత్రం అనకండి. రెండూ కలిసి నడవాలనే ఈ తంటా అంతా!