కెనడా వీసా తిరస్కరణపై కోర్టుకు వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

కర్నూలు ఉల్లిరైతు:
మా అబ్బాయి స్టడీ పర్మిట్ తిరస్కరించారు. చదువయ్యాక తిరిగి వెళ్తాడన్న నమ్మకం లేదట, డబ్బు ఎక్కడిదో తేలలేదట. కన్సల్టెన్సీవారు మళ్లీ దరఖాస్తు పెడదామంటున్నారు. మా తోడల్లుడు మాత్రం కోర్టుకు వెళ్లమంటున్నాడు. కోర్టు వీసా ఇప్పిస్తుందా?

కడప ప్లీడరు:
ఇప్పించదన్నా. అక్కడి ఫెడరల్ కోర్టు మీవాడి అర్హతను తూచదు, అధికారి నిర్ణయం తీసుకున్న తీరునే చూస్తుంది. మీరు గెలిస్తే ఫైలు మరో అధికారి దగ్గరికి వెళ్తుంది, అంతే. ఆయన కూడా కాదనవచ్చు. పైగా ముందు కోర్టు అనుమతి దొరకాలి, అది దొరకకపోతే వాదనల దాకా వెళ్లరు. దాఖలు ఫీజు 50 డాలర్లే, లాయరు ఖర్చు వేరే సంగతి. కెనడా బయటి వ్యవహారమైతే నిర్ణయం తెలిసిన నాటి నుంచి గడువు 60 రోజులు. లోపలిదైతే 15 రోజులే.

అనంతపురం అమ్మ:
మా అమ్మాయిదీ ఇదే కథ. అనుమానం ఉంటే ఒక్క మాట అడగవచ్చు కదా? అడగకుండా కొట్టేయడం ఏ న్యాయం?

కడప ప్లీడరు:
మన సుప్రీంకోర్టు తేల్చిన మేనకా గాంధీ కేసు (1978) చదివినవారెవరైనా ఇదే అడుగుతారమ్మా: అవతలివారి మాట వినకుండా నిర్ణయమా అని. కెనడాలోనూ ఈ సూత్రం ఉంది, అక్కడి సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన బేకర్ తీర్పు దానికి పునాది. కానీ విద్యార్థి వీసాల దగ్గర ఆ హక్కు పలుచన. ఆదాయ పత్రం చాలలేదని అనుకుంటే అధికారి మిమ్మల్ని అడగనక్కరలేదు, అన్నీ మొదటే పెట్టుకోవడం మన బాధ్యత. అదే పత్రం నకిలీదని అనుమానిస్తే ఆ మాట మీకు చెప్పి, జవాబుకు అవకాశం ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే మీ కేసు.

ఆదోని అన్న:
మాకు ఆ అవకాశం ఇచ్చారు, అయినా దక్కలేదు. బ్యాంకు స్టేట్‌మెంటుపై సంజాయిషీ అడుగుతూ ఉత్తరం పంపితే అది కన్సల్టెన్సీ ఈమెయిలుకు వెళ్లింది. వాళ్లు మాకు చెప్పనే లేదు. తప్పుడు సమాచారం ఇచ్చారంటూ తమ్ముడిపై 5 ఏళ్ల నిషేధం పడింది. దయచేసి దరఖాస్తులో మీ సొంత ఈమెయిలు ఇవ్వండి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి.

టొరంటోలో ప్రొద్దుటూరు:
నేను కోర్టుకు వెళ్లాను. అధికారి నోట్సు తెప్పించి చూస్తే నాలుగైదు వాక్యాలే. ఖాతాలో ఈమధ్యే పెద్ద మొత్తం జమ అయింది, మూలం తెలియదు అని రాసుకున్నారు. ఆ మొత్తం విద్యా రుణానిది! బ్యాంకు మంజూరు పత్రం ఫైలులోనే ఉంది, నోట్సులో దాని ఊసే లేదు. కెనడా సుప్రీంకోర్టు 2019లో ఇచ్చిన వావిలోవ్ తీర్పు ప్రకారం కారణాలు క్లుప్తంగా ఉన్నా ఫరవాలేదు, కీలకమైన ఆధారాన్ని పట్టించుకోకపోతే మాత్రం నిర్ణయం నిలవడం కష్టమని మా లాయరు వాదన రాశారు. విచారణ దాకా పోలేదు. ప్రభుత్వ లాయరే రాజీకి వచ్చి ఫైలును మరో అధికారికి పంపడానికి ఒప్పుకున్నారు. ఈసారి కొత్త పత్రాలు అడిగారు, వీసా వచ్చింది. ఈలోగా ఒక సెమిస్టరు పోయింది, అది వేరే ఏడుపు.

కర్నూలు ఉల్లిరైతు:
మా డబ్బంతా ఉల్లి అమ్మినదే. మార్కెట్ యార్డు రసీదులన్నీ ఉన్నాయి. కోర్టులో చూపిస్తే సరిపోతుంది కదా?

కడప ప్లీడరు:
దరఖాస్తుతో పెట్టారా?

కర్నూలు ఉల్లిరైతు:
కన్సల్టెన్సీ వారికి ఇచ్చాం. పెట్టారో లేదో తెలియదు.

కడప ప్లీడరు:
అదే తేల్చుకోవాలి. అధికారి ముందు లేని కాగితాన్ని మామూలుగా కోర్టు చూడదు. రసీదులు పెట్టకపోయి ఉంటే కోర్టు ఖర్చు దండగ, వాటితో పాటు వివరంగా లేఖ రాసి మళ్లీ దరఖాస్తు పెట్టండి. పెట్టినా అధికారి ప్రస్తావించకపోతే ప్రొద్దుటూరు అన్న చెప్పిన దారి మీకూ ఉంది. అప్‌లోడ్ చేసిన పత్రాల నకళ్లు ఇవాళే అడగండి. తిరస్కరణ ఉత్తరం ఏ తేదీన అందింది?

కర్నూలు ఉల్లిరైతు:
పోయిన నెలాఖరులో. నకళ్లు రేపు ఇస్తామంటున్నారు.

ఆదోని అన్న:
రేపటి దాకా ఎందుకన్నా, మీరే వెళ్లి కూర్చోండి.