దవడలో కెరటోసిస్ట్: ట్యూబ్ పెట్టి ఏడాది ఆగాలా, ఎముక ముక్క కోసి తీయించెయ్యాలా?

తెనాలి_అన్న:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి 22, కుడివైపు కింది దవడ. మొదట జ్ఞానదంతం నొప్పి అనుకుని దగ్గర్లో ఒకాయన దగ్గరికి వెళ్తే పక్క పంటికి రూట్ కెనాల్ చేసి మూడు నెలలు యాంటీబయాటిక్స్ మింగించాడు, ఎక్స్‌రే కూడా ఆ ఒక్క పంటికే తీశాడు. తర్వాత ఇంకోచోట ఓపీజీ (దవడలు మొత్తం కనపడే ఎక్స్‌రే) తీస్తే జ్ఞానదంతం నుంచి పైకి చెవి కిందదాకా నల్లగా పెద్ద ఖాళీ, బయటికి చూస్తే మొహం మీద వాపే లేదు! బయాప్సీలో ఒడాంటోజెనిక్ కెరటోసిస్ట్ (దవడ ఎముకలో పెరిగే ఒక రకం తిత్తి) అని వచ్చింది. ఇప్పుడు ఒక సర్జన్ తిత్తికి రంధ్రం చేసి ట్యూబ్ పెడదాం, ఏడాది కడుక్కుంటూ ఉంటే చిన్నదవుతుంది, అప్పుడు తీసేద్దాం అంటున్నాడు, ఇంకో ఆయనేమో అంత టైమ్ వేస్ట్, దవడ ముక్క కోసి ప్లేట్ వేద్దాం, మళ్ళీ రాదు అంటున్నాడు. ఇంట్లో అమ్మ ఏడుపు. ఏది కరెక్ట్?

ప్లేటు_దవడ:
తమ్ముడూ తీయించెయ్. నాది ఇదే కథ. 2011లో ఎముక కొయ్యొద్దని బతిమాలుకుంటే లోపల గీకి వదిలేశారు, ఆరేళ్ళకి అదే చోట అంతకంటే పెద్దది వచ్చింది. అప్పుడు సగం దవడ తీసి కాలి ఎముక తెచ్చి పెట్టారు, పన్నెండు గంటల ఆపరేషన్. మొదట్లోనే తీసుంటే చిన్న ముక్కతో పోయేది. ఈ "దవడ కాపాడదాం" మాటలు వినడానికి బాగుంటాయి అంతే.

సర్జరీ_పీజీ:
అన్నా మీ రిపోర్ట్‌లో ఏం పేరు రాశారో గుర్తుందా? అమెలోబ్లాస్టోమా అయ్యుండాలి.

ప్లేటు_దవడ:
అవును అదే. ఏదైతే ఏంటి, గడ్డ గడ్డే కదా.

సర్జరీ_పీజీ:
అక్కడే తేడా అన్నా. అమెలోబ్లాస్టోమా క్యాన్సర్ కాకపోయినా గట్టి ట్యూమర్, ఎక్స్‌రేలో కనపడే అంచు దాటి ఎముక గుజ్జులోకి పాకుతుంది, అందుకే చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్లు మంచి ఎముకతో కలిపి తీస్తారు, మీ విషయంలో గీకి వదిలేయడమే పొరపాటు. (దాంట్లోనూ ఒకటే తిత్తిలా ఉండే రకాలు కొన్నిటికి అంత కోత అక్కర్లేదు, అది వేరే చర్చ.) తెనాలి అన్న తమ్ముడిది సిస్ట్. ఇది ఎముకని బయటికి ఉబ్బించకుండా లోపల పొడుగునా పాకుతుంది, అందుకే మొహం మీద వాపు లేదు. దీని లోపలి పొర మరీ పల్చన, తీసేటప్పుడు చిరిగి ముక్క మిగిలిందంటే మళ్ళీ వస్తుంది, పక్కన పిల్ల సిస్టులు ఉన్నా వస్తుంది. ఉత్త గీకుడుతో వదిలేస్తే సుమారు నలుగురిలో ఒకరికి తిరిగొస్తుంది, ఒక్కో లెక్కలో ఇంకా ఎక్కువే. కానీ ట్యూబ్ పెట్టి లోపలి ప్రెషర్ తగ్గిస్తే ఎముక తనంతట తనే పూడుతుంది, పొర మందమవుతుంది, అప్పుడు ఒక్క ముక్కలో తీయడం తేలిక, కింద పోయే నరం కూడా బతుకుతుంది. 22 ఏళ్ళ కుర్రాడికి జీవితాంతం పెదవి తిమ్మిరి అంటే చిన్న విషయం కాదు.

డల్లాస్_బావ:
గూగుల్‌లో ఇది కూడా ట్యూమరే అని ఉంది కదా? పైగా ఇక్కడ మాత్రలతో కరిగిస్తున్నారట.

సర్జరీ_పీజీ:
2005లో డబ్ల్యూహెచ్‌వో వాళ్ళు దీన్ని ట్యూమర్ల లిస్టులో కలిపారు, 2017లో మళ్ళీ సిస్టుల్లోకి తెచ్చారు, మీరు చదివింది పాత పేజీ అయ్యుంటుంది. మాత్రల సంగతి అమెలోబ్లాస్టోమాలో బీరాఫ్ జీన్ మార్పు ఉన్నవాళ్ళకి, అదీ కొద్దిమందికే ఇచ్చి చూస్తున్నారు, ఈ సిస్ట్‌కి సంబంధం లేదు.

జిల్లా_సర్జన్:
పీజీ తమ్ముడు పుస్తకంలో ఉన్నదే చెప్పాడు, తప్పు లేదు. కానీ పదిహేనేళ్ళుగా ఓపీడీలో కూర్చుంటున్నా, నేను చూసేది వేరు. ట్యూబ్ పెట్టి పంపిస్తా, రెండు నెలలు వస్తారు, నొప్పి తగ్గగానే మాయం. మూడేళ్ళకి విరిగిన దవడతో వస్తారు. ఏడాది పాటు రోజూ కడుక్కుని, ఆ తర్వాత రెండో ఆపరేషన్‌కి వచ్చి, ఆపైన ఏళ్ళ తరబడి ఏటా ఓపీజీ తీయించుకునేవాళ్ళు ఎంతమంది? కోసేయమని ప్రతి ఒక్కరికీ అనను. నేరుగా సిస్ట్ ఊడదీసి, చుట్టూ ఎముకని బర్‌తో (గిర్రున తిరిగే డ్రిల్ మొన) పల్చగా అరగదీసి, మిగిలిన కణాల్ని చంపే కార్నాయ్ ద్రావణం మూడు నిమిషాలు పెడితే చాలామందికి ఒకే దెబ్బతో అయిపోతుంది.

సర్జరీ_పీజీ:
సార్, చెవి కిందదాకా ఖాళీ ఉంటే అలా ఊడదీసేటప్పుడే దవడ విరగొచ్చు కదా, నరం పక్కన కార్నాయ్ పెట్టడం రిస్కే కదా. పేషెంట్ రాడని ముందే అనుకుని పెద్ద కోత కొయ్యడం ఏం న్యాయం సార్?

జిల్లా_సర్జన్:
రాడని తెలిసీ ట్యూబ్ పెట్టడం న్యాయమా మరి?

అమలాపురం_అమ్మ:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు ఇదే సిస్ట్, ట్యూబే పెట్టారు. పూటపూటకీ అన్నం తిన్నాక సిరంజితో సెలైన్ వేసి కడిగేదాన్ని, మొదటి నెల ఆ వాసన భరించలేకపోయాం, రెండుసార్లు ట్యూబ్ ఊడిపోయింది, వెంటనే పరిగెత్తాలి, లేకపోతే రంధ్రం మూసుకుపోతుంది. పదమూడు నెలలకి సిస్ట్ మూడోవంతు అయింది, ఎముక తెల్లగా పూడటం ఎక్స్‌రేలో నేనే గుర్తుపట్టా. తర్వాత తీసేశారు, ఐదేళ్ళయింది, ఏటా ఎక్స్‌రే తీయిస్తున్నాం. పిల్ల దానంతటదే చేసుకునేది కాదు, నేను ఉన్నాను కాబట్టి అయింది. మీ తమ్ముడు హాస్టల్లో ఉంటాడా ఇంట్లోనా?

తెనాలి_అన్న:
హాస్టల్ అక్కా. ఫైనల్ ఇయర్.

జిల్లా_సర్జన్:
చూశారా.

సర్జరీ_పీజీ:
కుర్రాడు పెద్దోడే, సిరంజి పట్టుకోలేడా! సరే అది పక్కన పెట్టండి, ముందు రెండు పనులు అన్నా. బయాప్సీ ఎక్కడో ఒక్క చోట చిన్న ముక్కే తీసుంటారు, ఆ స్లైడ్లు తీసుకుని ఓరల్ పాథాలజీ వాళ్ళున్న డెంటల్ కాలేజీలో ఇంకోసారి చూపించండి, ఇన్ఫెక్షన్ పట్టిన చోట పొర గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది, మరీ ముఖ్యంగా ఇది అమెలోబ్లాస్టోమా కాదని తేలాలి. చివర్లో తీసిన సిస్ట్ మొత్తం కూడా మళ్ళీ పాథాలజీకి వెళ్ళాలి, అడగండి. రెండోది, ఓపీజీలో ఇంకోవైపు కూడా సిస్టులు ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా? ఒకటి కంటే ఎక్కువుంటే గార్లిన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు చూసుకోవాలి, ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముక చీలి ఉంటుంది కొందరికి.

జిల్లా_సర్జన్:
స్లైడ్ల సంగతి నేనూ అదే అంటా. సీటీ కూడా తీయించండి, కింది అంచున ఎముక ఎంత మిగిలిందో ఓపీజీలో తెలీదు. అంచు నిలిచుంటే ముక్క కోసే పనే లేదు, ఆ రెండో ఆయన సీటీ చూడకుండానే ప్లేట్ అన్నాడంటే నాకు నచ్చలేదు.

తెనాలి_అన్న:
సీటీ ఎవరూ రాయలేదు సార్, ఇద్దరూ ఓపీజీ చూసే చెప్పారు. ఇంకోవైపు ఏమీ లేదు, ఇంట్లోనూ ఎవరికీ లేదు. సోమవారం స్లైడ్లు తెచ్చుకుంటా. తమ్ముడికి ఈ థ్రెడ్ చూపించా, ప్లేట్ అంటే భయపడుతున్నాడు, ట్యూబే పెట్టించుకుంటా, సెమిస్టర్ సెలవుల్లో మొదలుపెట్టి మొదటి నెల ఇంట్లో ఉంటా అంటున్నాడు. అక్కా, ట్యూబ్ ఊడిపోతే ఎన్ని గంటల్లో వెళ్ళాలన్నారు మీకు?

అమలాపురం_అమ్మ:
గంటలు చెప్పలేదు నాయనా, అదే రోజు రమ్మన్నారు. ఒకసారి ఆదివారం ఊడింది, సోమవారం దాకా ఆగితే సగం మూసుకుపోయి మళ్ళీ మత్తిచ్చి తెరవాల్సొచ్చింది. పెట్టించుకునే ముందే ఆదివారం ఎవరుంటారో అడిగి ఫోన్ నంబర్ తీసుకోండి.